అనాఫిలాక్సిస్

రొయ్యలు పడవు, వంకాయ పడదు, ఫలానా మాత్ర పడదు అనే మాట తెలుగిళ్లలో రోజూ వినిపిస్తుంది. ఆ పడకపోవడం చాలావరకు దురదతోనో నాలుగు దద్దుర్లతోనో పోతుంది. అదే ఎలర్జీ ఒక్కసారిగా ఒళ్లంతా కమ్ముకుని, ఊపిరినీ రక్తపోటునూ దెబ్బతీస్తే అనాఫిలాక్సిస్ అంటారు. పత్రికల్లో 'ఇంజెక్షన్ వికటించి' అని వచ్చే వార్తల్లో కొన్నింటి వెనక ఉన్నది ఇదే.

పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషే. 1901లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ నౌకలో ఆయనా, పాల్ పోర్టియే కలిసి ఫైసాలియా అనే సముద్రజీవి విషాన్ని పరీక్షించారు. ఫ్రాన్సుకు తిరిగొచ్చాక సీ అనిమోన్ విషంతో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. నెప్ట్యూన్ అనే దిట్టమైన కుక్క మొదటి మోతాదుకు చెక్కుచెదరలేదు. 22 రోజుల తర్వాత అంతే మోతాదు మళ్లీ ఇస్తే క్షణాల్లో రొప్పడం మొదలుపెట్టి, 25 నిమిషాల్లో చచ్చిపోయింది. మొదటి మోతాదు రక్షణ ఇవ్వాల్సింది పోయి ప్రాణం మీదికి తెచ్చింది కనుక, రక్షణకు విరుద్ధమనే అర్థం వచ్చేలా 1902లో గ్రీకు మాటలతో ఈ పేరు కట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

"నిన్నటిదాకా తిన్నవే కదా, ఇవాళేమొచ్చింది?" అని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు నెప్ట్యూన్ కథలోనే ఉంది. ముందెప్పుడో ఒంట్లోకి వెళ్లిన పదార్థం మీద శరీరం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుని, మాస్ట్ కణాల మీద కాపలా పెడుతుంది. అదే పదార్థం మళ్లీ వచ్చినప్పుడు ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. రక్తనాళాలు వదులై కారిపోతాయి. పది నిమిషాల్లో రక్తంలోని ద్రవం మూడో వంతు దాకా బయటికి పోవచ్చు. శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, గొంతు వాస్తుంది. కొన్ని మందులు ఐజీఈతో పని లేకుండానే మాస్ట్ కణాలను రెచ్చగొడతాయి. అలాంటప్పుడు మొదటిసారికే ప్రమాదం రావచ్చు.

పల్లీలు, జీడిపప్పు, రొయ్యలు, పీతలు, గుడ్డు, పాలు, తేనెటీగ, కందిరీగ కాట్లు, పెన్సిలిన్ జాతి మందులు, నొప్పి మాత్రలు, స్కానింగులో ఎక్కించే కాంట్రాస్ట్ ముఖ్య కారణాలు. ప్రాణం కాపాడడానికి ఎంత సమయం ఉంటుందన్నది కారణాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో సంభవించిన మరణాలను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో గుండె ఆగడానికి పట్టిన మధ్యస్థ సమయం ఆహారానికి 30 నిమిషాలు, కీటకాల కాటుకు 15, వైద్యంలో ఇచ్చిన మందులకు 5.

అరచేతులు, అరికాళ్ల దురద, దద్దుర్లు, పెదవుల వాపు, బొంగురు గొంతు, పిల్లికూతలు, వాంతులు, కళ్లు తిరగడం, ఏదో అయిపోతోందన్న విపరీతమైన భయం దీని లక్షణాలు. పదిమందిలో ఒకరిద్దరికి చర్మం మీద ఏమీ కనబడదు. మందు ఆలస్యం కావడానికి అదీ ఒక కారణం.

మందు ఒకటే: అడ్రినలిన్. ఒక మిల్లీలీటరు పట్టే చిన్న గాజు ఆంపూల్‌లో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. అందులో సగం, అంటే 0.5 మిల్లీలీటరు, పెద్దవాళ్లకు తొడ మధ్యలో బయటివైపు కండలోకి ఇస్తారు. పిల్లలకు కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, 0.3 మిల్లీగ్రాము మించకుండా. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాలకు మళ్లీ ఇస్తారు. మన దగ్గర ఏవిల్ అనే ఎలర్జీ మందు, హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ సూదులు ముందు వేసి చూద్దామనే అలవాటు బలంగా ఉంది. ఏవిల్ దురద తగ్గిస్తుందే గాని పడిపోయిన రక్తపోటును లేపదు, వాచిన గొంతును తెరవదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి. ఆయాసం ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టవచ్చు, గర్భిణులను ఎడమవైపు తిప్పాలి. లేపి నడిపిస్తే గుండెకు చేరే రక్తం తగ్గి అక్కడికక్కడే ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. ఆటో దాకా నడిపించుకు వెళ్లడం కన్నా 108కి ఫోన్ చేసి పడుకోబెట్టి ఉంచడం మేలు. తేనెటీగ ముల్లు వెంటనే తీసేయాలి. సున్నం రాస్తూ కూర్చుంటే ఆ నిమిషాలు వృథా.

పాముకాటు మందుది వేరే చిక్కు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలను గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి ఆ మందు తీస్తారు. గుర్రపు ప్రోటీను కొందరి ఒంటికి పడదు. ముందుగా చర్మం మీద పరీక్ష చేస్తే తెలిసిపోతుందనుకోవడం పొరపాటు. భారతీయ మార్గదర్శకాలు ఆ పరీక్ష వద్దంటున్నాయి. శ్రీలంకలో వెయ్యిమందికి పైగా రోగులపై చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముందే ఇచ్చిన కొద్దిపాటి అడ్రినలిన్ తీవ్ర ప్రతిచర్యలను తగ్గించింది. హైడ్రోకార్టిజోన్‌తో ప్రయోజనం కనబడలేదు. వికటిస్తుందేమోనన్న భయంతో ఈ మందును మానేయరు. వికటిస్తే ఆపి, అడ్రినలిన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెడతారు.

తేరుకున్నవాళ్లను వెంటనే ఇంటికి పంపరు. కొందరికి గంటల తర్వాత, అరుదుగా మూడు రోజుల లోపు, రెండో విడత వస్తుంది. డిశ్చార్జి చీటీలో పడని మందు పేరు అక్షరాలా రాయించుకోవాలి. ఇంకోసారి ఇంకో డాక్టరు దగ్గర "ఆ తెల్లమాత్ర పడదండీ" అంటే, ఆయన బల్ల మీదున్నవన్నీ తెల్లమాత్రలే.