స్క్రోలింగ్‌లో ఒక పేరు

2013 జనవరి 25. శుక్రవారం సాయంత్రం. హఫీజ్‌పేట స్టేషన్‌కి దగ్గర్లో ఓ అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు.

బాల్కనీ తలుపు సందులోంచి చలి సన్నగా కోస్తోంది. కింద ఎంఎంటీఎస్ బండి హారన్ మోగిస్తూ వెళ్లిపోయింది. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. పెద్దాయన ముట్టుకోలేదు. మెడకి మఫ్లరు చుట్టుకుని, సోఫా అంచున కూర్చుని, టీవీ అడుగున పరిగెడుతున్న అక్షరాలనే చూస్తున్నాడు.

తెనాలి వదిలి కొడుకు దగ్గరికి వచ్చి రెండేళ్లయింది. బీపీ మాత్ర మర్చిపోతాడు. నాటకం తేదీ మాత్రం మర్చిపోడు.

"నాన్నా, భోజనానికి రండి" అన్నాడు కొడుకు. హైటెక్ సిటీ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు. ఐడీ కార్డు ఇంకా మెడలోనే ఉంది.

"ఉండరా. పద్మ అవార్డులు వేస్తున్నారు."

"అందులో మనవాళ్లెవరుంటారు?"

పెద్దాయన మాట్లాడలేదు. చెయ్యెత్తి కిటికీ వైపు చూపించాడు. పడమరకి.

అటు రెండు స్టేషన్ల అవతల లింగంపల్లి. అక్కడ సురభి కాలనీ. ఇటు అద్దాల మేడలు, అటు ఆ నాలుగు వీధులు. పగలు మామూలు ఇళ్లే. దండేల మీద బట్టలు, గుమ్మాల్లో సైకిళ్లు. సాయంత్రం ఆట ఉందంటే మాత్రం ఆ ఇళ్లలోంచి కృష్ణుడూ, శశిరేఖా, ఘటోత్కచుడూ బయల్దేరతారు. వాళ్ల పెద్ద రేకందార్ నాగేశ్వరరావు. బాబ్జీ అంటేనే జనానికి తెలుస్తుంది. సంగీత నాటక అకాడమీ పురస్కారం 2011కి ఆయనకే ఇచ్చారు. అప్పట్నుంచీ పెద్దాయన మనసులో ఒక్కటే పురుగు. పద్మం ఎప్పుడు?

జాబితా కదిలింది.

డి. రామానాయుడు, పద్మభూషణ్. వంటింట్లోంచి కోడలు గరిటెతో సహా వచ్చింది. ఎస్. జానకి, పద్మభూషణ్. "అబ్బ, జానకమ్మకి ఇన్నాళ్లకా!" అంది. (జానకమ్మ కూడా అదే మాటన్నారు. చాలా ఆలస్యమైందని, తీసుకోనని చెప్పేశారు.) బాపు, పద్మశ్రీ. శ్రీదేవి, పద్మశ్రీ. కొడుకు ఈల వేశాడు. ఆ ఏడు మొత్తం 108 మంది. అందులో పద్మశ్రీలు 80.

సినిమా వాళ్లు వరసగా వెళ్లిపోతున్నారు. రంగస్థలం ఇంకా రాలేదు.

పెద్దాయన ఒళ్లో నాలుగేళ్ల మనవరాలు. "తాతయ్యా, లడ్డూల మామ వస్తాడా టీవీలో?"

లడ్డూల మామ అంటే ఘటోత్కచుడు. పిల్లని 'మాయాబజార్'కి తీసుకెళ్లి ఎన్నాళ్లో కాలేదు. ముందు వరుస. రంగుల తెర జర్రున పైకి చుట్టుకుంది. హార్మోనియం ఒక్కసారి గొంతెత్తింది. ఇంక అక్కణ్నుంచి పిల్ల కన్నార్పలేదు. మేఘాల్లోంచి నారదుడు తంబురాతో దిగుతుంటే, బాణానికి ఎదురు బాణం వచ్చి గాల్లోనే ఢీకొని నిప్పులు రాలుతుంటే, పెళ్లి వంటకాల ముందు చతికిలబడ్డ ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు వాటంతటవే పళ్లెంలోంచి లేచి ఒకదాని వెనక ఒకటి ఆ నోట్లోకి ఎగురుకుంటూ పోతుంటే, పిల్ల తాతయ్య చొక్కా పట్టుకుని కుర్చీలో నిలబడిపోయింది. కంప్యూటర్ లేదు. గ్రాఫిక్సు లేదు. పక్క తెర వెనక తాళ్లు పట్టుకున్న చేతులున్నాయి. ఆ చేయి ఒక్క క్షణం తడబడిందా, నారదుడు నేల మీదుంటాడు.

ఆ చేతుల వెనక వందేళ్లు దాటిన లెక్క ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ' ఆడించాడు. తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు బొమ్మలు పక్కనపెట్టి తామే తెర ముందుకొచ్చాయి. మగవాళ్లే చీర కట్టి ఆడవేషాలు వేసే రోజుల్లో వీళ్ల ఇంటి ఆడవాళ్లు రంగస్థలమెక్కారు. 1932లో తెలుగు టాకీ పుట్టినప్పుడు 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఎవరు? సురభి కమలాబాయి. అంటే సినిమాకి మొదటి నాయికని అరువిచ్చింది నాటకమే. ఆ అప్పు ఎవరు తీర్చారో మరి.

"ఇక లేదు నాన్నా. అన్నం చల్లారిపోతోంది."

కొడుకు రిమోట్ అందుకున్నాడు. బొటనవేలు బటన్ మీద ఉంది. అప్పుడే కింద ఓ పేరు కుడివైపు నుంచి పాక్కుంటూ వచ్చింది.

ఆర్. నాగేశ్వరరావు.

"అక్కినేనికా?" అన్నాడు కొడుకు.

"ఒరేయ్, అక్కినేనికి పద్మవిభూషణే ఇచ్చి రెండేళ్లయింది. ఆయన ఇంటిపేరు ఆర్ ఎలా అవుతుందిరా? రిమోట్ ఇటివ్వు!"

పెద్దాయన లేచాడు. మఫ్లరు జారి కింద పడింది. పేరు ఎడమ అంచుకి పోయి మాయమైంది. మళ్లీ మొదట్నుంచి వచ్చేదాకా ఆగాలి. రామానాయుడు దాటాడు. జానకి దాటింది. ఫ్యాన్ తిరగడం లేదు. అయినా ఎవరికీ ఊపిరాడటం లేదు.

ఆర్. నాగేశ్వరరావు. బ్రాకెట్లో బాబ్జీ. సురభి.

ఈసారి ఈల వేసింది పెద్దాయన.

ఆ రాత్రి భోజనంలో ఎవరూ కూర రుచి చెప్పలేదు. పెద్దాయన ఒక్కడే మాట్లాడాడు. కర్ణాటక నుంచి బి.వి. కారంత్ అంతటివాడు వచ్చి ఈ సురభి వాళ్లతో 'భీష్మ' చేయించాడని, 'చండీప్రియ' చేయించాడని, బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా మన గల్లీలోకి దింపాడని. కొడుకు విన్నాడు. చాలా ఏళ్ల తర్వాత తండ్రి మాటకి అడ్డు రాకుండా విన్నాడు.

2022 జూన్‌లో బాబ్జీ పోయారు. కబురు తెలిసిన రోజు పెద్దాయన టీవీ పెట్టలేదు.

ఆ మరుసటేడు డిసెంబరులో లింగంపల్లిలో రైలెక్కి గుంటూరు వెళ్లాడు. వద్దన్నా వినలేదు. చాలా ఏళ్లు ఆగిపోయిన నంది నాటకోత్సవాలు 23 నుంచి 29 దాకా శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో. ముందు వడపోత, అందులో నెగ్గినవాళ్లకే ఆ వేదిక. పద్య నాటకం, సాంఘిక నాటకం, నాటిక, బాలల నాటిక, కళాశాల నాటిక. వారం రోజులూ ఇడ్లీ తిని నాటకం చూశాడు. గొంతు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. "ఎంట్రీ దక్కించుకున్న ఊరు ఊరంతా బస్సు కట్టించుకుని వచ్చిందిరా" అన్నాడు సైగలతో.

2025 జూన్ 14. శనివారం. మబ్బు పట్టింది, కురవడం లేదు. ఉక్క.

మాదాపూర్ హైటెక్స్ వైపు రోడ్లన్నీ కార్లతో బిగుసుకుపోయాయి. తెలంగాణ ప్రభుత్వం మొదటిసారి ఇస్తున్న గద్దర్ సినిమా అవార్డులు. హఫీజ్‌పేట ఫ్లాట్లో అదే సోఫా. టీవీ మాత్రం గోడంత పెద్దదైంది. స్క్రోలింగ్ చదవడానికి పెద్దాయనకి కళ్లద్దాలు చాలడం లేదు. పదహారేళ్ల మనవరాలు చదివి వినిపిస్తోంది.

"ఉత్తమ చిత్రం కల్కి. ఉత్తమ నటుడు అల్లు అర్జున్, పుష్ప 2. ఉత్తమ నటి నివేదా థామస్. తాతయ్యా, 2014 నుంచి ఏ ఏడాదికా ఏడాది బెస్ట్ ఫిల్ములు కూడా ఇస్తున్నారు!"

"మంచిదే. బాకీలు తీరుస్తున్నారు."

తెర మీద గద్దర్ బొమ్మ. భుజాన గొంగడి, చేతిలో కర్ర.

"ఈయన సినిమా యాక్టరా తాతయ్యా?"

పెద్దాయన వెంటనే చెప్పలేదు. సినిమాల్లో పాడాడు, కనిపించాడు. అది నిజమే. కానీ జననాట్య మండలిలో కాలికి గజ్జె కట్టి, వీధిలో, పొలం గట్టున, మైకు లేని చోట వేల మందిని నిలబెట్టిన మనిషి అతను. ఆట ఆడినవాడి పేరు. అవార్డు సినిమాకి.

"కాదమ్మా. మనవాడు" అన్నాడు చివరికి.

ఆ రాత్రి హైటెక్స్‌లో పిలిచినవన్నీ సినిమా పేర్లు. సినిమా అవార్డులు కనక అందులో తప్పు పట్టడానికేం లేదు. పెద్దాయన టీవీ కట్టేశాడు. చీకట్లో కాసేపు కూర్చున్నాడు. లేచి మనవరాలి గది తలుపు తట్టాడు.

"ల్యాప్‌టాప్ ఉందా అమ్మా?"

పద్మ పురస్కారాలకి ఎవరైనా, ఎవరి పేరైనా ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఆ సంగతి గుంటూరులో పక్క కుర్చీ ఆయన చెప్పాడట. కేంద్ర ప్రభుత్వ పోర్టల్. ఆ ఏడు ప్రకటించిన గడువు జూలై 31. ఏం చేశారో వివరంగా రాయాలి. మించితే 800 మాటలు.

"ఎనిమిది వందలా? ఒక్క చింతామణి రాత్రికే చాలవే!"

జూలై మొదటి వారం. బయట వాన దంచుతోంది. కరెంటు రెండుసార్లు పోయింది. పెద్దాయన తెలుగులో చెబుతున్నాడు, పిల్ల ఇంగ్లీషులో కొడుతోంది. ఎవరి పేరు? ఇంట్లో వాళ్లకీ చెప్పలేదు. బయటికి చెప్పనని పిల్ల దగ్గర ఒట్టేయించుకున్నాడు. ఒక్కటే తెలుసు, ఆ మనిషి ఏడేళ్లకి రంగస్థలమెక్కి ఇప్పటికీ దిగలేదు.

మొదటిసారి లెక్కపెడితే 1,900 మాటలు. కొట్టేశారు. పద్యం పాడే తీరు కొట్టేశారు. ఊళ్ల పేర్లు కొట్టేశారు. వానలో టార్పాలిన్ కింద, పెట్రోమాక్స్ వెలుగులో, జనం కదలకుండా తెల్లవారిందాకా కూర్చున్న రాత్రి కొట్టేయడానికి మాత్రం పెద్దాయన చెయ్యి రాలేదు.

"తాతయ్యా, 'జనం వన్స్‌మోర్ కొట్టారు' అన్నారు. దీన్ని ఇంగ్లీషులో ఏమనాలి? వన్స్‌మోర్ ఇంగ్లీషే కదా?"

"కాదమ్మా. అది తెలుగే."

796. పిల్ల మళ్లీ లెక్కపెట్టింది. 796.

నాలుగు మాటలు మిగిలాయి. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. వాన హోరులో ఏదో రాగం కూనిరాగం తీశాడు. ఆ రాగాన్ని రాసే మాట దొరకలేదు.

"పంపించు" అన్నాడు.

పిల్ల బటన్ నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది. కరెంటు మళ్లీ పోయింది. వైఫై ఆరింది. ల్యాప్‌టాప్ వెలుగులో ఇద్దరి మొహాలే కనిపిస్తున్నాయి. పిల్ల ఫోన్ తీసి హాట్‌స్పాట్ పెట్టింది. చక్రం తిరిగింది. తిరిగింది. ఆగింది.

నమోదైంది.

పద్మ జాబితా ఏటా జనవరి 25 సాయంత్రం వస్తుంది. కొత్త కేలెండర్ ఇంకా రాలేదు కనక, పెద్దాయన ఉన్నదాంట్లోనే డిసెంబరు పేజీ తిప్పి, అడుగున ఎర్ర పెన్నుతో ఆ తేదీ రాసుకున్నాడు.