బుద్దాం కంచు బుద్ధులు

బాపట్ల ప్రాంతంలోని బుద్దాం దగ్గర 1870 ప్రాంతంలో శిథిలాల కింద అనుకోకుండా బయటపడిన బౌద్ధ విగ్రహాల నిధి ఆంధ్ర లోహకళకు అమూల్యమైన సాక్ష్యం. సుమారు క్రీ.శ. 6–8 శతాబ్దాల నాటి ఈ కంచు బుద్ధమూర్తులు 1905లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

కంచు ప్రధానంగా రాగి, తగరాల మిశ్రమం. స్వచ్ఛమైన రాగి మెత్తనిది. 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పదో వంతు తగరం కలిస్తే మిశ్రమం గట్టిపడుతుంది, అంతకంటే తక్కువ వేడికే కరుగుతుంది. తగరం మరీ పెరిగితే పెళుసుబారుతుంది. కొద్దిగా సీసం చేరితే ద్రవం పల్చబడి, అచ్చులోని సన్నని గీతల్లోకీ పారుతుంది.

ఇలాంటి మూర్తులను మైనపు పద్ధతిలో పోత పోసేవారు. మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి పూత పెట్టి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహద్రవం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టి, ఉలితో మెరుగులు దిద్దుతారు. అచ్చు పగిలిపోతుంది కనుక ప్రతి విగ్రహమూ ఏకైకమే.

ఆంధ్ర బౌద్ధశిల్ప శైలి సముద్ర వర్తకంతో పాటు శ్రీలంకకూ, ఆగ్నేయాసియాకూ వ్యాపించి, అక్కడి కంచు బుద్ధమూర్తులపై తన ముద్ర వేసింది.