పాతర నుండి రేకుడ్రమ్ము దాక

గుంటూరు పొలిమేరనున్న నల్లపాడులో, పత్తియు మిరపయు పండు నల్లరేగడి నడుమ, ఒకప్పుడు గొడ్లసావిడిలో పత్తిగింజల బస్తా యుండిన తావున నేడు కొన్ని యిండ్ల పెంపుడు కుక్కకు వేయు పెడిగ్రీ సంచి వచ్చి చేరినది. మేత మారినదే గాని, దానిని చెమ్మనుండియు పురుగునుండియు ఎలుకనుండియు కాపాడుకొను చింత ఈ సీమవారికి క్రొత్తది గాదు.

మన పెద్దలు జొన్నలను పాతరలలో దాచిరి. చెమ్మ యూరని మెరకనేల నెంచి, గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి దట్టముగా పరచి, గింజ నింపి, పైన మరల గడ్డి కప్పి మన్నుతో మెత్తినచో, గింజయు పురుగును లోపలి ప్రాణవాయువును పీల్చివేయగా మిగిలిన బొగ్గుపులుసు గాలిలో పురుగు తనంత తానే చచ్చుచుండెను. పాతర తెరచిన వెంటనే దిగక, కొంతతడవు గాలి సోకనిచ్చి, లోనికి దింపిన దీపము ఆరక నిలిచిన పిమ్మటనే మనిషి దిగుట ఆ సంగతి వారి కెంత చక్కగా తెలియునో చాటుచున్నది. ఇంటి వాడుకకు గాదెలు, పురులు, బానలు ఉండెను. తరువాత నాలుగు గ్యాలనుల కిరసనాయిలు డబ్బా, ఖాళీయైన పిదప శుభ్రపడి, మూత తొడిగించుకొని, ధాన్యపు డబ్బాయై ఇల్లు చేరినది.

అయితే కుక్కమేత గింజ కాదు. 1860 ప్రాంతమున జేమ్సు స్ప్రాట్ అను అమెరికనుడు లండనులో గోధుమపిండి, కూరలు, మాంసము కలిపి కాల్చిన కుక్క బిస్కత్తుల నమ్మ నారంభించెను. 1950ల చివర అమెరికాలో ప్యూరినా సంస్థ, ముద్దను ఆవిరితో ఉడికించి, యంత్రపు రంధ్రములగుండ నొత్తి, పొంగించి ఆరబెట్టు పద్ధతిని కుక్కమేతకు తెచ్చిన పిదప, ఆరిన గుళికలపై రుచికై కొవ్వు చల్లుట వాడుకయ్యెను. నీరు నూటికి పది పాళ్ల ప్రాంతమున నుండుటచే పొడిగా నున్నంతకాలము బూజు సులభముగా పట్టదు. కాని పైనున్న కొవ్వు గాలియు వేడిమియు తగులగానే ముక్కిపోవ మొదలిడును.

ఈ సూక్ష్మమును వేరుసెనగ రైతుకు వేరుగ చెప్పనక్కరలేదు. కాయలుగా నుంచినది చాలకాలము నిలుచును. ఒలిచిన పప్పు త్వరలోనే ముక్కవాసన కొట్టును. చెక్క వానకాలపు చెమ్మకు బూజెక్కును. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చుటకు మూలము, బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ చెక్కలోని బూజు పుట్టించిన విషమని తేలినది. అఫ్లటాక్సిను అను ఆ విషము కుక్క కాలేయమునకును మిక్కిలి చేటు.

గుళికకు పొట్టు లేదు. కొవ్వు ఊరకుండ, గాలి చొరకుండ లోపొర వేసి తయారుచేసిన సంచియే దానికి పొట్టు. దానిని చింపి మేతను ప్లాస్టిక్ డబ్బాలో కుమ్మరించుట తగదని నా నిశ్చితాభిప్రాయము. డబ్బా గోడలకు పట్టిన పాత జిడ్డు క్రొత్త మేతను గూడ చెరచును. సంచి మూతిని మడిచి, గాలి వెడల నొత్తి, క్లిప్పు పెట్టి, సంచిని సంచిగానే బిగుతైన మూతగల రేకుడ్రమ్ములో దింపుట మేలు. ప్లాస్టిక్కు ఎలుక పంటికి లొంగును, రేకు లొంగదు. బ్యాచి సంఖ్యయు గడువు తేదియు సంచిమీదనే యుండుటచే, మేతపై అనుమానము కలిగిననాడు అవి చేతికందును.

అమెరికా ఆహార ఔషధ శాఖవారు ఇట్టి మేతను సుమారు 27 డిగ్రీల సెంటీగ్రేడు లోపుననే ఉంచుమందురు. గుంటూరు మండలమున మే మాసపు ఎండ 40 దాటును. మిరప టిక్కీలకు కోల్డ్ స్టోరేజి కలదు గాని ఇంటి సంచికి లేదు. కావున రేకుల వసారాను, వంటపొయ్యి చెంతను విడిచి, ఇంటిలో చల్లనైన గదిలో పీటమీద డ్రమ్ము నుంచి, చౌకయని పెద్ద సంచి కొనక, నెల నెలన్నరలో చెల్లునంతయే తెచ్చుకొనుడు. ముక్కవాసన వేసిన గుళికలను, కుక్క తినుచున్నది గదా యని పెట్టకుడు. వానిని పారవేసి, డ్రమ్మును కడిగి, ఎండబెట్టిన పిదపనే క్రొత్త సంచిని దింపుడు.