బిల్డింగ్ లేని బడికి హెడ్మాస్టర్ ఎందుకు?

ఈరోజు ఒక బడి గురించి. దానికి బిల్డింగ్ లేదు, గంట లేదు, క్లాస్‌రూమ్ లేదు. ఆన్‌లైన్ క్లాసులు అనుకునేరు, అదీ కాదు. ఇంగ్లండ్‌లో దీన్ని ‘వర్చువల్ స్కూల్’ అంటారు. ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1854 నాటి బ్రిస్టల్‌కి వెళ్లాలి.

బ్రిస్టల్ మనకు తెలిసిన ఊరే. రామ్మోహన్ రాయ్ 1833లో చనిపోయింది అక్కడే. అప్పుడు ఆయన్ని కలిసిన మేరీ కార్పెంటర్, తర్వాత రెడ్ లాడ్జ్ అనే పాత భవనంలో ఆడపిల్లల కోసమే ఒక రిఫార్మేటరీ పెట్టారు. చిల్లర దొంగతనాలకు దొరికిన పిల్లల్ని జైల్లో పడేయకండి, నేర్పించండి అన్నది ఆవిడ వాదన. ఆ రోజులకు పెద్ద మాటే. కానీ నేర్పింది ఏంటి? కాస్త చదువు, మిగతాదంతా ఉతకడం, కుట్టడం, ఇల్లు సర్దడం. బయటికొచ్చాక ఎవరింట్లోనో పనికి కుదరాలి. ఆవిడని తప్పుపట్టట్లేదు. 1866లో మన దేశానికొచ్చి, ఆడపిల్లలకు చెప్పడానికి టీచరమ్మల్ని తయారుచేయండని తిరిగింది కూడా ఆవిడే. కాకపోతే, సర్కారు నీడలో పెరిగే ఆడపిల్లకి ‘కొంచెం చదువు చాలు’ అనే లెక్క చాలా కాలం నడిచింది.

1948లో చిల్డ్రన్ యాక్ట్ వచ్చింది. అమ్మానాన్నల దగ్గర ఉండలేని పిల్లల్ని కౌన్సిల్ చూసుకోవాలి. తిండి, పక్క, బట్టలు, పెంచే ఇల్లు, అన్నీ ఒక డిపార్ట్‌మెంట్. చదువు ఇంకో డిపార్ట్‌మెంట్. అక్కడే బగ్ ఉంది! నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు చూశాను కదా, ఎవరి పేరూ లేని టికెట్‌ని ఎవరూ ముట్టరు. కేర్‌లో ఉన్న పిల్ల చదువు అలాంటి టికెట్ అయింది. 1987లో సోనియా జాక్సన్ అనే పరిశోధకురాలు గట్టిగా ఎత్తిచూపింది ఇదే.

అసలు బడి ఎలా తప్పుతుందో చూడండి. పెంచే ఇల్లు కుదరలేదు, ఇంకో ఊరికి మార్చారు. కొత్త బడిలో సీటు దొరికే లోపు వారాలు పోయాయి. చేరేసరికి సిలబస్ ఎక్కడో ఉంది, తనేమో వెనకబడింది. టీచర్ అడిగితే కోపం, లేదా మౌనం. కోపం వస్తే సస్పెన్షన్, ఇంకా ముదిరితే మన దగ్గర టీసీ చేతిలో పెట్టినట్టే. అక్కడ సస్పెండయ్యే వాళ్లలో మగపిల్లలే ఎక్కువ. అందుకే మౌనంగా ఉండిపోయే ఆడపిల్ల ఆ లెక్కలో కనపడదు. పొద్దున కడుపునొప్పి అంటుంది, రేపూ అంటుంది. గొడవ చేయలేదు కాబట్టి ఎవరూ మీటింగ్ పెట్టరు. అటెండెన్స్ రిజిస్టర్‌లో మాత్రం ఖాళీలు పెరుగుతుంటాయి.

2004 చట్టం ఈ పిల్లల చదువు బాధ్యత కౌన్సిల్‌దే అని రాసింది. 2007లో 11 కౌన్సిళ్లలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కేర్‌లో ఉన్న పిల్లలంతా వేర్వేరు బడుల్లో ఉన్నా, ఒకే బడి పిల్లలనుకుని వాళ్లకో హెడ్‌ని పెట్టడం. అదీ వర్చువల్ స్కూల్! 2014 చట్టంతో ప్రతి కౌన్సిల్‌కీ ఈ పోస్టు తప్పనిసరి అయింది. అదే ఏడాది పిల్లకి 1,900 పౌండ్ల చొప్పున డబ్బు కూడా వీళ్ల చేతికొచ్చింది. ఒక్కో పిల్లకీ సొంత ఎడ్యుకేషన్ ప్లాన్. బడి పంపించేస్తామంటే ముందు వీళ్లతో మాట్లాడాలి. చాలాచోట్ల రోజూ బడికి ఫోన్ వెళ్తుంది, ఈరోజు ఆ అమ్మాయి వచ్చిందా అని. నాకు ఈ మొత్తం కథలో నచ్చింది ఆ ఫోనే. యాప్ కాదు, ఏఐ కాదు.

అంతా బాగైపోయిందా? లేదు. శాశ్వతంగా పంపించేయడం బాగా తగ్గింది. కానీ 2016 లెక్కల్లో కేర్‌లోని పిల్లల్లో సుమారు 11 శాతం మంది కనీసం ఒక్కసారి సస్పెండయ్యారు. మొత్తం పిల్లల్లో అది 2 శాతమే. 2018లో దత్తత వెళ్లినవాళ్లనీ, 2021లో సోషల్ వర్కర్ ఉన్న పిల్లలందరినీ ఈ హెడ్ల పరిధిలోకి తెచ్చారు. ఫోన్ చేయాల్సిన లిస్టు ఇంకా పెరిగిందన్నమాట.