గట్టిమేళం మొదలైంది

ముహూర్తం దగ్గరపడింది. అక్క పీటల దగ్గర హడావుడిగా తిరుగుతోంది. ఆరేళ్ల మేనల్లుడు మీ బాధ్యత. చివరి వరసలో, మీ పక్క కుర్చీలో స్టీలు గ్లాసు దొర్లించుకుంటున్నాడు. మెడలో తాడుకి బొమ్మల కార్డులు: నీళ్లు, బాత్రూం, ఇల్లు, బయటికి. వాడికి కొన్ని మాటలొచ్చు. కంగారులో అవీ అందవు, అందుకే కార్డులు. బొమ్మ చేతికిచ్చి అడిగే ఈ పద్ధతి 1985లో అమెరికాలోని డెలవేర్‌లో పుట్టింది. ఈ కార్డుల్ని అక్క వీధి చివర జెరాక్స్ షాపులో లామినేషన్ చేయించింది.

పంతులుగారు చెయ్యెత్తుతారు. డోళ్లు, సన్నాయిలు ఒక్కసారిగా లేస్తాయి. ఎవరి తుమ్మూ వినపడకూడదని వాయించే మేళం మరి! వాడు చెవులు మూసుకుంటాడు. కీచుమని అరుస్తాడు. తల కుర్చీకేసి కొట్టుకుంటున్నాడు.

"మొండి! రెండు తగిలించు," వెనక నుంచి ఓ పెద్దాయన.

మొండిచేసే పిల్లాడు ఏడుస్తూనే ఓరకంట మనల్ని చూస్తాడు. వీడు ఎవర్నీ చూడట్లేదు. మనకి అక్కర్లేని చప్పుళ్లని మెదడే వడపోస్తుంది. వీడిలా ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి డోలు, ఫ్యాన్లు, వీడియో లైట్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

కుర్చీ పడింది. వాడు లేడు.

గేటు. అవతల రోడ్డు. లారీ హారన్.

పరిగెత్తండి.

దొరికాడు. అరవకండి. బతిమాలకండి. ఇప్పుడు మీ మాట కూడా చప్పుడే. పక్కగా గొంతుక్కూర్చుని 'బయటికి' కార్డు చూపించండి. వేలు పెట్టి నొక్కుతాడు. వంటశాల వెనక్కి నడవండి.

ఊపిరి నెమ్మదించాక గ్లాసు మళ్లీ దొర్లుతుంది. పెద్దత్త మనవరాలు వెతుక్కుంటూ వస్తుంది. "నాతో ఆడతాడా మామయ్యా?"

'ఈ అక్కకి హాయ్ చెప్పు' అని నోటిదాకా వస్తుంది. మింగేయండి. వాడి ఆటలోకే పిల్లని పంపండి. "ఎదురుగా కూర్చో. గ్లాసు నీ దగ్గరికొస్తే తిరిగి పంపు."

వస్తుంది. పంపుతుంది. "నీ వంతు." మళ్లీ వస్తుంది. వాడు ఆ పిల్ల మొహం చూడట్లేదు. చూడమని గడ్డం పట్టి తిప్పకండి. వంతు కోసం ఆగుతున్నాడు. నేనైతే కబుర్లకి మొదటి మెట్టు ఇదే అంటాను.

ఈసారి ఆ పిల్ల గ్లాసుని పట్టుకుని ఊరుకుంటుంది. మీరు అందించకండి. ఆగండి. ఇంకా ఆగండి.

"ఇవ్వు."

వెంటనే పంపేసింది, గడుసుది.

లోపల్నుంచి కేక: ఫోటోకి రండి! ఉన్నపళంగా లేపితే మళ్లీ మొదటికొస్తుంది. ఐదు వేళ్లు చూపించండి. "ఇంకో ఐదు సార్లు, తర్వాత ఫోటో." గ్లాసు దొర్లినప్పుడల్లా ఒక వేలు మడవండి. మూడో వేలు దగ్గర అక్క ఫోన్. ఎత్తి, "వస్తున్నాం, ఇంకో రెండున్నాయి" అనండి.