ఎండను దాచుకునే గోడలు

మట్టిగోడల ఇల్లంటే పేదరికమని సిగ్గుపడే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అమెరికాలోని న్యూమెక్సికోలో టావోస్ ప్యూబ్లో అనే ఆదివాసీ ఊరుంది. 1540లో స్పెయిన్ సైనికులు వచ్చేనాటికే అక్కడ అంతస్తులుగా కట్టిన మట్టి ఇళ్లున్నాయి. నేటికీ వాటిలో మనుషులు ఉంటున్నారు. మట్టి, గడ్డి, నీళ్లు కలిపి ఎండబెట్టిన ఇటుకలవి. మందమైన గోడ పగటి ఎండను మెల్లగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలికి చేరేసరికి పొద్దుగూకుతుంది. అందుకే పగలు చల్లదనం, రాత్రి వెచ్చదనం. గోడలకు ఎప్పటికప్పుడు మట్టిపూత వేసి కాపాడుకుంటారు. 1992లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మన అవ్వలు ఎర్రమట్టితో అలికిన మందపాటి గోడలదీ అదే సూత్రం. పలచటి గోడలు, రేకుల కప్పులు వచ్చాక ఆ గుణం పోతోంది. కొత్త ఇల్లు కట్టుకోండి, తప్పులేదు. కానీ గోడ పెట్టే పని తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి నేర్చుకోండి.