మోటుపల్లి అభయం

తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది ఎవరిది? ఆ తీరాన్నేలే రాజుదే. పూర్వం రివాజు అది. బంగారం, గుర్రాలు, రత్నాలు, ఏది చిక్కినా జప్తే. కడలి ముంచగా మిగిలింది కోట ముంచేదన్నమాట.

తెలుగు తీరాన ఈ రివాజుకు స్వస్తి చెప్పినవాడు కాకతి గణపతిదేవుడు. 1244–45లో మోటుపల్లి రేవులో రాతిస్తంభం మీద అభయశాసనం చెక్కించాడు. ఇప్పుడా రేవు బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గరి పల్లె. వెనకటి రాజులు ఓడ పగిలినవారి సొత్తు బలవంతంగా లాక్కునేవారని మొహమాటం లేకుండా చెప్పి, సముద్రానికి తెగించి వచ్చేవారి దగ్గర తాను మాత్రం దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనన్నాడు. ఎగుమతైనా దిగుమతైనా ముప్పయ్యింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు అంటూ సరుకుల పేర్లూ అందులో ఉన్నాయి. దయ మాట నిజమే కావచ్చు గానీ, లెక్క తెలిసిన దయ అది. ఓడే రాకపోతే సుంకమెక్కడిది?

వర్తకులు అంతదాకా రాజుల కోసం కాచుక్కూర్చోలేదు. ఐహోళె పేరు మీద వెలసిన అయ్యావళి ఐనూరు శ్రేణి ఎప్పుడో సముద్రం దాటింది. ఆ శ్రేణి వేయించిన 1088 నాటి తమిళ శాసనం సుమత్రా పడమటి తీరాన బరూస్‌లో దొరికింది. భాషలూ రాజ్యాలూ దాటి ఒకరికొకరు పూచీగా నిలిచిన సంఘం అది. అయితే ఎంత పెద్ద శ్రేణైనా ఒడ్డున చాచిన రాజు చేతిని ఆపలేదు. దాన్ని రాజే వెనక్కి తీసుకోవాలి.

తరవాత ఈ రేవును ముత్ఫిలి అన్న మార్కో పోలో ఇక్కడి వజ్రాల గురించీ, సన్నని నూలుబట్టల గురించీ చెప్పాడు.

కాకతీయులు పోయాక రేవు రెడ్డిరాజుల చేతికొచ్చింది. 1358లో అనపోతారెడ్డి మళ్లీ శాసనం వేయించాడు. స్థిరపడతామంటే భూమి ఇస్తాం, వెళ్లిపోతామంటే ఆపం, కొడుకుల్లేకుండా పోయినవాడి ఆస్తి ముట్టం అన్నాడు. పెట్టుబడి కోసం కాళ్లావేళ్లా పడే నేటి ప్రభుత్వాలు ఆ రెండో మాట ఇంత ధైర్యంగా అనవు.

ఆ శతాబ్ది చివరికి అవచి తిప్పయసెట్టి సింహళం నుంచి ఏనుగులు, హుర్ముంజి నుంచి గుర్రాలు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టు తెప్పిస్తున్నాడు. రెడ్డిరాజు కుమారగిరి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడతడే. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చిందీ అతడికే.